డిశ్చార్జ్ తర్వాత ఏం చేయాలి: బెంగళూరుకు వైద్యానికి వచ్చే తెలుగువాళ్లకు ఆఫ్టర్‌కేర్ మార్గదర్శి

హిందూపురం, మదనపల్లె, అనంతపురం, కర్నూలు వైపు ఎవరికి పెద్ద జబ్బు చేసినా బెంగళూరు బస్సెక్కడం మామూలే. గుండెకు జయదేవ, నరాలకూ మనసుకూ నిమ్హాన్స్, క్యాన్సర్‌కు కిద్వాయ్, వైట్‌ఫీల్డ్‌లో సత్యసాయి. చేతిలో బీమా ఉంటే ఏదో ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మనకు ఆ వచ్చినవాళ్లు మేనమామో, పిన్నమ్మో, ఊళ్లో పక్కింటివాళ్లో అవుతారు. ఆపరేషన్ అయ్యేదాకా పదిమంది తిరుగుతారు. రక్తం కావాలంటే ఆఫీసంతా కదులుతుంది. డిశ్చార్జ్ అన్న మాట చెవిన పడగానే గండం గట్టెక్కిందని ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు. అప్పుడు మొదలయ్యే పనినే ఆసుపత్రుల్లో ఆఫ్టర్‌కేర్ అంటారు.

ఆపరేషన్ గాయం మానేదాకా చూసుకోవడంతో ఇది అయిపోదు. కాన్పు తర్వాత తల్లీబిడ్డల బాగోగులు ఇందులోకే వస్తాయి. మద్యం మాన్పించే కేంద్రం నుంచి వచ్చిన మనిషి మళ్లీ సీసా ముట్టకుండా నిలబడటం, మానసిక వైద్యం వార్డు నుంచి ఇంటికొచ్చినవాళ్ల మాత్రలూ నిద్రా పనీ, పన్ను పీకించుకున్న సాయంత్రం, పచ్చబొట్టు వేయించుకున్న వారం, పద్దెనిమిదేళ్లు నిండి బాలల గృహం వదిలిన పిల్లల అద్దె గది, ఫీజు కూడా ఇందులో భాగమే. పైకి పొంతన లేనట్టున్నా అన్నిచోట్లా అడగాల్సినవి నాలుగే. ఈ పని ఎవరిది? ఎన్నాళ్లు? ఏం కనిపిస్తే పరిగెత్తాలి? ఎవరికి ఫోన్ చేయాలి? వీటికి జవాబు దొరకనిదే ఆసుపత్రి గేటు దాటొద్దన్నది నా మాట.

మందుల గురించి ఇక్కడ రాసింది సాధారణంగా చెప్పేది. మీ డాక్టరు కాగితంలో వేరుగా రాస్తే ఆ కాగితం మాటే వినండి.

మొదటి పని: ముందురోజే కూర్చుని తేల్చుకోండి

డిశ్చార్జ్ రోజు ఎలా గడుస్తుందో ఒకసారి ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు తెలుసు. పొద్దున రౌండ్స్‌లో "ఇవాళ వెళ్లొచ్చు" అంటారు. బిల్లు తయారవ్వాలి, మిగిలిన మందులు ఫార్మసీకి వాపసు ఇవ్వాలి, బీమావాళ్ల అప్రూవల్ రావాలి. అలా సాయంత్రమవుతుంది. అప్పటికి పేషెంటుకు కూర్చునే ఓపిక ఉండదు, అటెండరుకు నిలబడే ఓపిక ఉండదు. సిస్టర్ మందుల కవరు తెచ్చి "ఇది పొద్దున, ఇది రాత్రి, ఇది నొప్పి ఉంటేనే" అని రెండు నిమిషాల్లో చెప్పి వెళ్తుంది. ఆమెకు ఇంకో పదిమంది పేషెంట్లున్నారు మరి. అందుకే అసలు మాటలన్నీ ముందురోజే అయిపోవాలి.

ముందు మనిషిని తేల్చండి. "అందరం చూసుకుంటాం" అన్న ఇంట్లో రాత్రి మాత్ర ఇచ్చారా లేదా అని అందరూ ఒకరినొకరు అడుగుతూ ఉంటారు. ఒక్కరి పేరు అనుకోవాలి, ఆ ఒక్కరు పడుకోవడానికీ ఊరెళ్లడానికీ వీలుగా ఇంకొకరి పేరు కూడా. మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. చేసే పనంతా భార్యదో కోడలిదో అవుతుంది, డాక్టరు మాట్లాడేటప్పుడు గదిలో ఉండేది మాత్రం కొడుకూ అల్లుడూ. మాత్రలు ఇచ్చే మనిషి, కట్టు విప్పే మనిషి డాక్టరు ఎదురుగా ఉండాలి. మిగతావాళ్లు బయట కాఫీ తాగి రావచ్చు.

భాష దగ్గర మొహమాటపడొద్దు. బెంగళూరు ఆసుపత్రుల్లో నర్సులు ఎక్కువగా కన్నడం, మలయాళం మాట్లాడతారు. కానీ వార్డుబాయ్‌నుంచి డ్యూటీ డాక్టరు దాకా తెలుగు తెలిసినవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. "తెలుగులో చెప్పేవాళ్లుంటే పిలవండమ్మా" అని అడిగితే ఎవరూ తప్పుపట్టరు. వాళ్లు చెప్పాక మీరు మీ మాటల్లో తిరిగి చెప్పండి. పొరపాటు ఉంటే అక్కడే బయటపడుతుంది. అనుమతి అడిగి ఫోన్లో రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది. ఊళ్లో ఉన్న పెద్దమ్మకు వినిపించడానికీ పనికొస్తుంది.

ఆ కూర్చున్నప్పుడు అడగాల్సినవి: స్నానం ఎప్పటినుంచి, కుట్లు ఎప్పుడు విప్పుతారు, అవి వాటంతటవే కరిగేవా, ఏ మందు ఎప్పటికి ఆపాలి, ఇంతకుముందు వేసుకునే షుగర్, బీపీ మాత్రల్లో ఏవి కొనసాగించాలి, రాత్రి రెండు గంటలకు ఏదైనా అయితే ఏ నంబరుకు చేయాలి. ఆ నంబరుకు వార్డులో ఉండగానే ఒకసారి రింగ్ ఇచ్చి చూసుకోండి. రిసెప్షన్ నంబరు ఇచ్చి పంపించడం మామూలే, అది రాత్రిపూట మోగుతూనే ఉంటుంది.

రెండో పని: కాగితం చదవండి

డిశ్చార్జ్ సమ్మరీ చేతికిచ్చాక ఫైల్లో పెట్టి సంచిలో దోపేస్తాం. అక్కడే కూర్చుని చదవాలి. పేరు, వయసు, ఏ వైపు ఆపరేషన్, ఏ మందులు పడవు అన్నవి సరిగ్గా ఉన్నాయా చూడండి. కుడి మోకాలికి ఎడమ అని పడటం కుదరని పనేమీ కాదు.

మందుల పట్టీలో 1-0-1 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఓడీ అంటే రోజుకొకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్ఎస్ పడుకునేముందు, ఎస్ఓఎస్ అవసరమైతేనే. ఈ చివరిదానితో జాగ్రత్త. నొప్పి మాత్ర ఎస్ఓఎస్ అని ఉంటే రోజుకు గరిష్ఠంగా ఎన్ని, రెండింటి మధ్య ఎన్ని గంటలు ఉండాలో పక్కన రాయించుకోండి.

ఒక ఉదాహరణ. స్టెంట్ వేయించుకున్న పెద్దాయన కవర్లో రక్తం పలచబరిచే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ కలిసిన మాత్ర ఒకటి ఉంది. ఇంటి దగ్గర పాత డబ్బాలో, ఊళ్లో డాక్టరు ఎప్పుడో రాసిన ఎకోస్ప్రిన్ ఉంది. ఎకోస్ప్రిన్ కూడా ఆస్పిరినే. పేర్లు వేరు, రంగులు వేరు, కాబట్టి ఆయన రెండూ వేసుకుంటాడు. కడుపులో రక్తస్రావానికి అది దారి. దీనికి ఒకటే ఉపాయం. ఇంట్లో ఉన్న పాత మందులన్నీ సంచిలో వేసుకుని ఆసుపత్రికి తెండి, కొత్త పట్టీ పక్కన పెట్టి ఏది ఉంచాలో ఏది పారేయాలో చెప్పించుకోండి. తర్వాత మాత్రల స్ట్రిప్ మీదే స్కెచ్‌పెన్నుతో సూర్యుడి బొమ్మో చందమామ బొమ్మో వేయండి. చదువురాని నాయనమ్మలకు 1-0-1 కన్నా ఇది బాగా పనిచేస్తుంది.

కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో రిపోర్టు ఇంకా రావాల్సి ఉందని రాసుంటుంది. ఆపరేషన్లో తీసిన ముక్కను బయాప్సీకి పంపినప్పుడు ఇలాగే ఉంటుంది. ఫలితం ఎప్పుడొస్తుంది, ఎవరు తీసుకోవాలి, ఎవరికి చూపించాలి అన్నది రాసుకోకపోతే ఆ కాగితం ల్యాబులోనే ఉండిపోతుంది. కేసు షీటు కాపీలు కావాలంటే రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం 72 గంటల్లోపు ఇవ్వాలి. రెండేళ్ల తర్వాత ఇంకో ఆసుపత్రిలో ఇదే కాగితం అడుగుతారు.

మూడో పని: మొదటి వారం ఎక్కడ ఉండాలో నిర్ణయించండి

ఆసుపత్రి వదలగానే రాత్రి బస్సుకే ఊరెళ్లిపోవాలని పెద్దవాళ్లకు ఆత్రం. లాడ్జి అద్దె, హోటల్ తిండి, ఊళ్లో గొడ్లు. అర్థమయ్యే బాధే. కానీ అనంతపురం రెండొందల కిలోమీటర్ల పైచిలుకు, కర్నూలు ఇంకా దూరం. మోకీలు మార్పిడి తర్వాత కాళ్లు వేలాడేసుకుని అంతసేపు కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. వెళ్లాల్సిందే అయితే కారులో, గంటకోసారి ఆపి నాలుగడుగులు వేయించి, కూర్చున్నంతసేపూ పాదాలు పైకీ కిందకీ ఆడిస్తూ వెళ్లాలి. బైపాస్ అయినవాళ్లు సీటు బెల్టుకూ రొమ్ముకూ మధ్య చిన్న దిండు పెట్టుకోవాలి.

మొదటి రివ్యూ వారంలోపే ఉంటే బెంగళూరులో ఉండిపోవడమే మేలు. ఎక్కడన్నది మాత్రం ఆలోచించాలి. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, బాత్రూంలో నేల మీది దొడ్డి. అలాంటి మీ ఫ్లాటు కన్నా ఆసుపత్రి పక్క లాడ్జిలో కింది గది నయం. పీజీలో ఉండే కుర్రాళ్ల సంగతి ఇంకో రకం. అపెండిక్స్ ఆపరేషనయ్యి, అమ్మకు చెప్పకుండా, నలుగురు పడుకునే గదికి తిరిగొస్తారు. అమ్మకు చెప్పండి. చెప్పనంటారా, కనీసం వార్డెనుకు, గదిలో ఒకడికి డిశ్చార్జ్ కాగితం ఫొటో పంపి, జ్వరమొస్తే తీసుకెళ్లే బాధ్యత వాడికి అప్పగించండి.

నాలుగో పని: గాయం, తిండి, నడక

కుట్ల మీద పసుపు, కాఫీపొడి, ఇంట్లో ఉన్న ఏ ఆయింట్‌మెంటూ పెట్టొద్దు. కట్టు తడవకూడదన్నారంటే తడవకూడదు. విప్పమన్న రోజు చేతులు సబ్బుతో కడుక్కుని విప్పాలి. కుట్లు ముఖం మీదైతే దాదాపు వారంలోపు, కాళ్లూ చేతుల మీదైతే పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీతో ముందే విప్పించేయడం అలవాటు. గాయం ఎండిందో లేదో చూసే డాక్టరైతే పర్లేదు, లేదంటే వద్దు. ఎరుపు రోజురోజుకూ పాకుతున్నా, చీము గానీ వాసన గానీ వస్తున్నా, కుట్లు విడినా, 100.4 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా రివ్యూ తేదీ కోసం ఆగొద్దు. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే అదే రోజు చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే 108కి చేయాలి.

పథ్యం గురించి కొంచెం గొడవపడక తప్పదు. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, పెరుగు జలుబు అని ఇంటికొచ్చిన మనిషికి చారన్నం, బ్రెడ్డు మీదే నెల గడిపిస్తారు. గాయం పూడ్చే కండ తయారయ్యేది మాంసకృత్తుల నుంచే. అవి ఉండేది పప్పులో, గుడ్డులో, పాలలో, చేపలో. డాక్టరు కిడ్నీ కోసమో ఇంకోదాని కోసమో ఆపమంటే తప్ప ఇవన్నీ పెట్టాలి. పెద్దవాళ్లతో వాదించి గెలవలేరు కాబట్టి డాక్టరు చేతే కాగితం మీద "పప్పు, గుడ్డు రోజూ" అని రాయించండి. రాసిన మాటకు విలువెక్కువ. షుగరున్నవాళ్లకు గాయం ఆలస్యంగా మానుతుంది. వాళ్లు ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవొద్దు.

స్టెంట్ వేయించుకున్నవాళ్లకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రక్తం పలచబరిచే రెండు మందులూ (ఒకే మాత్రలో కలిసి ఉన్నా) గుండె డాక్టరు చెప్పేదాకా ఒక్కరోజు కూడా ఆపకూడదు. గుండెపోటు తర్వాత సాధారణంగా ఏడాది దాకా రెండూ ఉంటాయి, తర్వాత ఒకటి కొనసాగుతుంది. ప్రమాదం వచ్చేది పంటి డాక్టరు దగ్గర. పన్ను పీకాలి, మాత్ర ఆపి రండి అంటారు, ఈయన ఆపేస్తాడు. స్టెంటులో రక్తం గడ్డకడితే మళ్లీ గుండెపోటే. పన్ను, కన్ను, ఏ చిన్న ఆపరేషనైనా ముందు గుండె డాక్టరుకు ఫోన్. ఆసుపత్రిలో ఇచ్చే స్టెంటు కార్డును పర్సులో ఆధార్ పక్కనే పెట్టుకోవాలి.

బైపాస్‌లో కోసిన రొమ్ము ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పైనే పడుతుంది. అప్పటిదాకా నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు, మనవణ్ని కూడా. దగ్గొస్తే దిండు రొమ్ముకు అదుముకుని దగ్గాలి. డాక్టరు సరేననేదాకా బండి నడపడం లేదు. శుక్లం ఆపరేషన్ అయినవాళ్లు కన్ను నలపొద్దు, తలంటుకు తొందరపడొద్దు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. చూపు తగ్గినా, నొప్పీ ఎరుపూ పెరిగినా అదే రోజు వెళ్లాలి. కంటి విషయంలో రేపు అన్న మాట పనికిరాదు.

బాలింత, పసిబిడ్డ

బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వడం, గది తలుపులు మూసి సాంబ్రాణి పొగ దట్టంగా వేయడం, బిడ్డ ముక్కులో చెవిలో నూనె చుక్కలు వేయడం ఇవాళ్టికీ ఉంది. ఒంటికి నూనె రాయడం, అమ్మమ్మ చేతి వెల్లుల్లి కారం బాగానే ఉంటాయి, వాటి జోలికి నేను పోను. మొదట చెప్పిన మూడూ ఆపాలి. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, పొగ బిడ్డ ఊపిరితిత్తులకు పడదు, ముక్కులో నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే, తట్టుకోలేని తలనొప్పి, కళ్లు మసకలు వస్తే, జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్లాలి. కాన్పైన వారాల తర్వాత కూడా బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చు. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా కాలినా, పచ్చదనం అరచేతులకూ పాదాలకూ దిగినా, నిమిషానికి 60కి మించి ఊపిరి తీస్తున్నా ఆలస్యం వద్దు. ఊరికి వెళ్లిపోతే ఆశా కార్యకర్త ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. వెళ్లిన రోజే ఆమెకు కబురు పెట్టండి. పుట్టింటికి చేరిన సంగతి ఆమెకు తెలియకపోతే ఆ సందర్శనలు తప్పిపోతాయి. తల్లి ఊరికే ఏడుస్తూ, నిద్రపోక, బిడ్డను పట్టించుకోకుండా రెండు వారాలు దాటితే దాన్ని మారాం కింద కొట్టేయొద్దు. అదీ డాక్టరుకు చూపించాల్సిందే.

పన్ను, పచ్చబొట్టు

పన్ను పీకించుకున్నాక దూదిని అరగంట ముప్పావుగంట గట్టిగా కొరికిపట్టాలి. ఆ రోజంతా ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం, సిగరెట్ వద్దు. గడ్డకట్టిన రక్తం ఊడివస్తే రెండు నాలుగు రోజుల్లో భరించలేని నొప్పి మొదలవుతుంది. మర్నాటినుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు.

కోరమంగళలోనో ఇందిరానగర్‌లోనో పచ్చబొట్టు వేయించుకుంటే మామూలు సబ్బుతో మెల్లగా కడిగి, తుడవకుండా అద్ది, చెప్పిన క్రీమ్ పలచగా రాయాలి. పొక్కులు గిల్లొద్దు, రెండు మూడు వారాలు ఈత వద్దు. తర్వాత ఏడాదిపాటు రక్తదానం కుదరదు.

మద్యం, మత్తు: చికిత్స కేంద్రం నుంచి వచ్చాక

ఇక్కడ కాసేపు ఆగాలి. మిగతా చాలా జబ్బులకు ఆఫ్టర్‌కేర్ అంటే వారాలు. దీనికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు. డీఅడిక్షన్ సెంటరులో జరిగేది ఒంట్లోంచి మత్తు దిగే దశను క్షేమంగా దాటించడం, కొంత కౌన్సెలింగ్. మళ్లీ తాగాలనిపించే సాయంత్రాలు ఇంటికొచ్చాకే మొదలవుతాయి.

ముందు ఒక హెచ్చరిక. రోజూ బాగా తాగే మనిషిని ఇంట్లో గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించొద్దు. ఆపిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు చేతులు వణికి, లేనివి కనిపించి, మనిషి అయోమయమైపోయే స్థితి ప్రాణాంతకం. అది ఆసుపత్రిలో జరగాల్సిన పని. నిమ్హాన్స్‌లో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది.

కేంద్రం నుంచి బయటికి వచ్చే ముందే మొదటి మూడు నెలల రివ్యూ తేదీలు తీసుకోండి, ఆ రోజులకు సెలవు పెట్టుకోండి. తాగే సమయం సాయంత్రం ఆరు అయితే ఆరింటికి ఏం చేస్తాడో ఖాళీగా వదలకండి. బెంగళూరులో మేస్త్రీ పనులకొచ్చిన మనవాళ్లకు వారం కూలీ చేతికొచ్చే శనివారం సాయంత్రమే గండం. ఆ కూలీ భార్య ఖాతాలో పడేలా మేస్త్రీతో మాట్లాడుకున్న కుటుంబాలున్నాయి. మంచి పద్ధతే, కాకపోతే ఆ మనిషి ఒప్పుకుంటేనే. బలవంతంగా చేస్తే అది ఇంకో తగువు.

డైసల్ఫిరామ్ అనే మాత్ర గురించి చాలామంది అడుగుతారు. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ఆ భయంతోనే మనిషి తాగడన్నది లెక్క. దీన్ని ఆయనకు తెలియకుండా కాఫీలోనో సాంబారులోనో కలిపే ఇళ్లున్నాయి. ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. తెలియని మనిషి తాగితే ప్రాణం పోవచ్చు. తెలిసి వేసుకునేవాళ్లు కూడా ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌లు, ఆయుర్వేద అరిష్టాలు, ఆసవాలు మానాలి. దశమూలారిష్టంలో పులిసి పుట్టిన మద్యం ఉంటుంది. మాత్ర ఆపిన తర్వాత కూడా దాదాపు రెండు వారాలు ఈ జాగ్రత్త తప్పదు. తాగాలన్న కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్ వాడుతున్నవాళ్లు ఏ ఆపరేషన్‌కు వెళ్లినా ముందే చెప్పాలి, ఎందుకంటే నల్లమందు జాతి నొప్పి మందులను అది పనిచేయనివ్వదు.

ఒకసారి తాగితే ఏం చేయాలన్నది కూడా ముందే మాట్లాడుకోండి. చాలా ఇళ్లలో ఆ రాత్రి అరుపులు, శాపనార్థాలు, "ఇంత డబ్బు పోసి ఏం లాభం". మర్నాడు సిగ్గుతో ఆయన రివ్యూకి వెళ్లడు. తాగింది ఒక్కరోజైనా, మానేసింది వైద్యాన్ని. తాగిన వారంలోనే డాక్టరును కలవాలన్న ఒప్పందం ముందే ఉండాలి. హెరాయిన్ లాంటివి వాడి మానినవాళ్ల విషయంలో ఇది ఇంకా పెద్దది. మానిన కొన్ని వారాలకు ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోతుంది, పాత లెక్కనే మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నడుపుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. బెంగళూరులో చాలాచోట్ల జరుగుతాయి. ఏ భాషలో జరుగుతుందో ఫోన్ చేసి అడిగి వెళ్లండి. కుటుంబాలకు అల్-అనాన్ వేరుగా ఉంది. ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446.

మనసు వైద్యం తర్వాత

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 98వ సెక్షన్ ప్రకారం, పేషెంటును ఇంటికి పంపేముందు డాక్టరు ఆ మనిషితోనూ చూసుకునే కుటుంబసభ్యులతోనూ తర్వాతి వైద్యం గురించి మాట్లాడాలి. కాబట్టి "ప్లాన్ ఏంటి సార్" అని అడగడం మీ హక్కు. అడిగేటప్పుడు పేషెంటు పక్కనే ఉండాలి. ఆయన గురించి ఆయన లేకుండా మాట్లాడటం మన అలవాటు. మాత్రలు వేసుకోవాల్సింది మాత్రం ఆయనే.

మాత్రలు మానేయడం సాధారణంగా బాగైన తర్వాతే జరుగుతుంది. నిద్ర పట్టింది, పనికెళ్తున్నాడు, ఇంకెందుకని ఇంట్లోవాళ్లే ఆపిస్తారు, పెళ్లిచూపులుంటే మరీ. కొన్ని వారాల వరకు ఏమీ కాదు, అందుకే ఆపింది సరైనదే అనిపిస్తుంది. ఎప్పుడు తగ్గించాలన్నది డాక్టరుతో కలిసి, మెల్లగా. లిథియం వాడేవాళ్లకు రక్తంలో మోతాదు పరీక్ష తప్పనిసరి. రాయలసీమ ఎండల్లో చెమటోడ్చి నీళ్లు తాగకపోయినా, బీపీ అని ఉప్పు ఒక్కసారిగా మానేసినా, మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కొనుక్కుని వాడినా ఆ మోతాదు పెరిగిపోవచ్చు. వాంతులు, చేతుల వణుకు, తూలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి. క్లోజపిన్ వాడేవాళ్లకు మొదట్లో వారం వారం రక్తపరీక్ష ఉంటుంది. ఊరెళ్లినా అది ఆగకూడదు. గొంతునొప్పి, జ్వరం వస్తే అదే రోజు తెల్లకణాలు చూపించుకోవాలి.

ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడ్డ మనిషి ఇంటికొస్తే, మొదటి వారం, మొదటి మూడు నెలలు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. పల్లెలో ఇంటికి తీసుకెళ్లేముందే పురుగుల మందు డబ్బాలు ఇంట్లో, పొలం షెడ్డులో లేకుండా తీసేయించండి. మందులు మీ దగ్గరే ఉంచుకుని ఏ పూటకాపూట ఇవ్వండి. "మళ్లీ అలాంటి ఆలోచన వస్తోందా" అని నేరుగా అడగొచ్చు, అడిగితే ఆలోచన పుట్టదు. ఏ వేళైనా టెలీ మానస్ 14416కు ఉచితంగా చేసి తెలుగులో మాట్లాడొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవకు నిమ్హాన్సే ముఖ్య కేంద్రం.

నయం కాని జబ్బుకు

కీమో ఆపేశాక "ఇంటికి తీసుకెళ్లండి" అన్నప్పుడు, నొప్పి తగ్గించే వైద్యం ఎవరు చేస్తారని అడగండి. అది వేరే విభాగం, పాలియేటివ్ కేర్. మార్ఫిన్ మాత్రలు రాస్తే అలవాటు పడిపోతాడని సగం వేయకండి, దానితోపాటు మలబద్ధకానికి ఇచ్చే మందు మర్చిపోకండి. మారతహళ్లి దగ్గర కుందలహళ్లి గేటు వద్ద ఉన్న కరుణాశ్రయలో ముదిరిన క్యాన్సర్ పేషెంట్లను డబ్బు తీసుకోకుండా చూసుకుంటారు.

పద్దెనిమిదేళ్లు నిండి బాలల గృహం వదిలేవాళ్లకు

ఇక్కడ ఆఫ్టర్‌కేర్ అన్నది చట్టంలోనే రాసి ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ ప్రకారం సంస్థను వదిలిన యువతకు నిలదొక్కుకోవడానికి ఆర్థిక సాయం అందించవచ్చు. సాధారణంగా 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా. కేంద్ర ప్రభుత్వ బాలల పథకం మిషన్ వాత్సల్య కింద ఇది నెలకు 4,000 రూపాయలు. బెంగళూరులో గది అద్దెకే చాలదు, నిజమే. అయినా వదులుకోవాల్సిన డబ్బు కాదు.

మీరు స్వచ్ఛందంగా అలాంటి గృహానికి వెళ్తుంటే పిల్లలకు పదిహేడో ఏటే పని మొదలుపెట్టండి. ఆధార్‌లో అడ్రసు సంస్థదే ఉంటుంది, అది మార్చాలంటే బయట అడ్రసు ఆధారం కావాలి. పదిహేనేళ్లప్పుడు చేయించాల్సిన వేలిముద్రల అప్‌డేట్ అయ్యిందా చూడండి. మైనరు బ్యాంకు ఖాతా మేజరు ఖాతాగా మారాలి. టీసీ, మార్కుల జాబితాలు, కుల ధ్రువీకరణ, వైద్య రికార్డులు సంస్థ అల్మారాలోంచి ఆ పిల్లల చేతికి రావాలి. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి. ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడి సంస్థలో పెరిగిన పిల్లలైతే ఏ జిల్లా పరిధిలోకి వస్తారో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి, లేకపోతే రెండు ఆఫీసులూ ఒకదాన్నొకటి చూపిస్తాయి. డబ్బుకన్నా వాళ్లకు ఎక్కువ కావాల్సింది గది అద్దెకు తీసుకునేటప్పుడు ఓనరుతో మాట్లాడే పెద్దమనిషి, జ్వరమొస్తే ఫోన్ చేయగల నంబరు.

బిల్లులు, ముగింపు తేదీలు

ఇంటికొచ్చాక కొన్న మందులు, పరీక్షలు, ఫిజియోథెరపీ చాలా బీమా పాలసీల్లో వస్తాయి. డిశ్చార్జ్ తర్వాత 60 రోజులో 90 రోజులో, మీ పాలసీలో రాసినంతకాలం. అదే జబ్బుకు సంబంధించినవై ఉండాలి, ప్రతి బిల్లుకూ డాక్టరు చీటీ జతగా ఉండాలి. అసలు బిల్లులు ఒక కవర్లో వేస్తూ పోండి, క్లెయిమ్ పెట్టే గడువు ఎప్పటికో మొదటి వారమే అడిగి క్యాలెండరులో రాసుకోండి. ప్రభుత్వ పథకం కింద చేరితే తర్వాతి చెకప్‌లు, మందులు దానిలో వస్తాయో లేదో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని హెల్ప్‌డెస్కులో డిశ్చార్జ్‌కు ముందే అడగాలి.

ప్రతి మందుకూ, ప్రతి జాగ్రత్తకూ ముగింపు తేదీ అడిగి పక్కన రాయండి. గ్యాస్ మాత్ర పది రోజులకు రాస్తే ఏళ్ల తరబడి మింగేవాళ్లున్నారు. కాన్పయిన పిల్లను ఐదో నెలలో కూడా గదిలోంచి రానివ్వని ఇళ్లున్నాయి. చివరి రివ్యూలో డాక్టరును ఇవి ఒక్కొక్కటే అడగండి: ఏది ఆగింది, ఏది జీవితాంతం, మళ్లీ ఎప్పుడు రావాలి. "అవసరమైతే రండి" అంటే ఏది అవసరమో కూడా చెప్పించుకుని ఆ ఓపీ చీటీ వెనకే రాయించుకోండి.